వాటాదారులు పెట్టింది, కంపెనీ సంపాదించింది

కంపెనీ తన షేరును ముఖ విలువ కన్నా ఎక్కువ ధరకు జారీ చేస్తే, ఆ పై మొత్తాన్ని అమెరికా బ్యాలెన్స్ షీట్లలో ‘అడిషనల్ పెయిడ్ ఇన్ క్యాపిటల్’ (అదనపు మూలధనం) పద్దు కింద చూపుతారు. ఇది వాటాదారులు పెట్టిన డబ్బే గానీ వ్యాపారం సంపాదించిన లాభం కాదు.

ఆన్‌లైన్ కోర్సుల సంస్థ కోర్సెరాను తీసుకుంటే లెక్క స్పష్టమవుతుంది. స్టాన్‌ఫర్డ్ అధ్యాపకులు ఆండ్రూ ఎంగ్, డాఫ్నీ కోలర్ 2012లో స్థాపించిన ఈ సంస్థ 2021 మార్చి 31న న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైంది. ఇష్యూ ధర 33 డాలర్లు. ముఖ విలువ డాలరులో లక్షో వంతు. కంపెనీ కొత్తగా జారీ చేసిన షేర్లు సుమారు 1.47 కోట్లు. వాటి ముఖ విలువ మొత్తం కలిపినా 150 డాలర్లు దాటదు. మిగిలిన 48 కోట్ల డాలర్ల పైచిలుకు, ఇష్యూ ఖర్చులు పోను, ఈ పద్దులోకే చేరింది. అదే ఇష్యూలో పాత వాటాదారులు అమ్ముకున్న షేర్ల డబ్బు మాత్రం వాళ్లకే పోయింది, కంపెనీ ఖాతాలోకి రాలేదు.

నగదు రాకుండానే ఈ పద్దు పెరిగే సందర్భమూ ఉంది. ఉద్యోగులకు జీతంలో భాగంగా షేర్లు ఇచ్చినప్పుడు, వాటి విలువను ఒకవైపు ఖర్చుగా, మరోవైపు అదనపు మూలధనంగా రాస్తారు. ఖర్చు నష్టాన్ని పెంచుతుంది కాబట్టి మొత్తం ఈక్విటీ మారదు. కానీ షేర్ల సంఖ్య పెరిగి, పాత వాటాదారుల వాటా ఆ మేరకు పలచబడుతుంది.

షేరు ధర మార్కెట్‌లో పెరిగినా పడినా ఈ అంకె కదలదు. మదుపరుల మధ్య జరిగే క్రయవిక్రయాల్లో కంపెనీకి పైసా రాదు, పైసా పోదు.

ఈ అంకెను ఎప్పుడూ దాని కింద ఉండే ‘పేరుకున్న నష్టాల’తో కలిపి చదవాలి. అదనపు మూలధనం వంద, పేరుకున్న నష్టం ఎనభై అయితే, వాటాదారుల డబ్బులో అయిదింట నాలుగు వంతులు కరిగిపోయినట్టే. విద్యా కంపెనీల్లో మరో పద్దునూ చూడాలి. విద్యార్థుల నుంచి ముందుగా వసూలు చేసిన ఫీజు, పాఠం చెప్పేదాకా కంపెనీకి బాకీయే. అందుకే అది అప్పుల వైపు, ‘డిఫర్డ్ రెవెన్యూ’గా కనిపిస్తుంది. బ్యాంకులో నగదు బాగా ఉందంటే, అది వాటాదారులు ఇచ్చిందా, విద్యార్థులు ముందే కట్టిందా, నిజంగా మిగిలిన లాభమా అన్నది ఈ మూడు పద్దులూ కలిపి చూస్తేనే తెలుస్తుంది.

పెద్ద మూలధనం రక్షణ కాదనడానికి అమెరికా ఆన్‌లైన్ విద్యా సంస్థ టూయూనే సాక్ష్యం. 2014లో పబ్లిక్ ఇష్యూకు వచ్చిన ఈ సంస్థ, హార్వర్డ్, ఎంఐటీల నుంచి ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎడెక్స్‌ను 80 కోట్ల డాలర్లకు 2021లో కొన్నది. 2024 జులైలో దివాలా రక్షణ కోరింది. పునర్వ్యవస్థీకరణలో పాత షేర్లు రద్దయ్యాయి.

భారతదేశంలో ఈ పద్దును ‘సెక్యూరిటీస్ ప్రీమియం’ అంటారు. విద్యా సంస్థ ఫిజిక్స్‌వాలా 2025 నవంబరులో రూపాయి ముఖ విలువ గల షేరును 109 రూపాయలకు జారీ చేసింది. ఆ ధరకు కొత్తగా జారీ అయిన ప్రతి షేరుపైనా ప్రీమియం 108 రూపాయలు. 2013 కంపెనీల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఈ మొత్తాన్ని బోనస్ షేర్లు, బైబ్యాక్, ఇష్యూ ఖర్చుల వంటి కొన్ని పనులకే వాడాలి. దీంతో డివిడెండు పంచకూడదు.

కాబట్టి విద్యా కంపెనీ షేరు కొనేముందు వార్షిక నివేదికలో కనీసం అయిదేళ్ల అదనపు మూలధనాన్ని, పేరుకున్న నష్టాలను, షేర్ల సంఖ్యను పక్కపక్కన రాసుకోవాలి. మూడూ ఏటేటా పెరుగుతూనే ఉంటే, ఆ కంపెనీ ఫీజుల మీద కాక, మదుపరుల సొమ్ము మీద నడుస్తుండవచ్చు.