నల్లరాతికి ఏ కర్వ్?

సూర్యాపేట పక్కనున్న పిల్లలమర్రి గుళ్ల ఫొటోలు చూస్తుంటే ఒక్కోసారి మనసు చివుక్కుమంటుంది. 1208 నాటి ఎరకేశ్వరాలయంలో నల్లరాతి స్తంభాలు అద్దంలా నునుపుదేలి ఉంటాయి. ఎడిటింగ్‌లో కాంట్రాస్ట్ అమాంతం పెంచేసరికి చెక్కడమంతా నలుపులో కలిసిపోతోంది.

ఆ వివరం రా ఫైల్‌లో భద్రంగానే ఉంటుంది. 14 బిట్ రాలో ఒక్కో రంగుకు 16,384 మెట్లు, మామూలు జేపెగ్‌లో 256. ఆ వివరాన్ని పైకి తేవాలంటే ఎడిటింగ్‌లోని టోన్ కర్వ్ వాడాలి: దాని గీత నిటారుగా లేచినచోట కాంట్రాస్ట్ పెరుగుతుంది, వాలిపోయినచోట తగ్గుతుంది. అందరం అలవాటుగా లాగే ఎస్ కర్వ్ మధ్య టోన్లకు మేలు చేసి నీడల్ని అణిచేస్తుంది. మన స్తంభం ఉన్నదేమో ఆ నీడల్లోనే!

ఎడమ చివరి నలుపు పాయింట్‌ను కదపకండి. దాని పక్కనే ఇంకో పాయింట్ పెట్టి కాస్త పైకి జరపండి. చెక్కడపు అంచు, దాని పక్కన సన్నటి గాడి విడివిడిగా తేలతాయి. మరీ లేపితే రాయి బూడిదరంగుకు తిరిగి, నాయిస్ బయటపడుతుంది.

మిర్యాలగూడ మిల్లుల్లో తెల్లటి బియ్యం రాశి తీసేవాళ్లకు లెక్క తిరగబడుతుంది: గింజ గింజా కనబడాలంటే కర్వ్ కుడివైపు నిటారుగా ఉండాలి.