పద్నాలుగో నంబరు పానా

మా మేనమామ విజయవాడ ఆటోనగర్‌లో లారీ మెకానిక్కు. వేసవి సెలవులకు పటమటలో అమ్మమ్మగారింటికి వెళితే, మధ్యాహ్నం ఆయనకు క్యారేజీ పట్టుకెళ్లడం నా పని. ఒక పక్క లారీ బాడీలు కట్టేచోట రేకులు కొట్టే మోత, ఇంకో పక్క వెల్డింగు మెరుపులు, కింద ఆయిల్ తాగి తాగి నల్లబడిన నేల. లారీ కింద పడుకున్న మావయ్య చెయ్యి ఒక్కటి బయటికి చాపి "పద్నాలుగు పదిహేను ఇవ్వరా" అనేవాడు. ఒక కొస 14, రెండో కొస 15 ఉండే పానా అది. నేను వేరేది అందిస్తే విసుక్కునేవాడు కాదు. "బోల్టు తల చూడు, నంబరు అదే చెబుతుంది" అనేవాడు.

ఆ మాట నాకు మళ్లీ అవసరపడింది టెక్సాస్‌లో.

అమెరికా వచ్చిన ఏడాదికి, 2015లో, ఒక పాత టయోటా కామ్రీ కొన్నాను. 2012 మోడలు. అప్పటికే 42 వేల మైళ్లు తిరిగింది. ఆయిల్ మార్పిద్దామని ఊళ్లో ఉన్న ఒక డీలర్‌షిప్‌కు వెళ్లాను. చల్లటి గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. కాసేపటికి సర్వీస్ అడ్వైజర్ నల్లబడిన ఫిల్టర్ ఒకటి పట్టుకొచ్చి చూపించాడు. ఇంజన్ ఎయిర్ ఫిల్టర్‌కు 65 డాలర్లు, కారు లోపలికి గాలి వచ్చే క్యాబిన్ ఫిల్టర్‌కు 80, ట్రాన్స్‌మిషన్ ఫ్లష్‌కు 220, ఫ్యూయెల్ సిస్టమ్ క్లీనింగ్‌కు 160. ఆయిల్ మార్పుకు 90 ఎలాగూ ఉంది. అన్నిటికీ సరేనన్నాను. పన్నుతో కలిపి 630 డాలర్లు దాటింది. ఆ నెల ఇంటికి పంపాల్సిన డబ్బు తగ్గించి పంపాను.

ఎందుకు సరేనన్నానో నాకు తెలుసు. భయం వల్ల. మా ఇంటి దగ్గర బస్సు లేదు. కారు ఆగితే ఆఫీసు ఆగుతుంది, ఆఫీసు ఆగితే వీసా గుర్తొస్తుంది. కొత్త దేశంలో ఎదుటివాడు యూనిఫాం వేసుకుని, చేతిలో ట్యాబ్ పట్టుకుని "ఇది మీ భద్రత కోసం" అంటే కాదనే ధైర్యం రాదు. ఈ మాట నా ఒక్కడిదే కాదు. ఇక్కడికి కొత్తగా వచ్చిన మన పిల్లలు ఇప్పటికీ అలాంటి బిల్లుల ఫొటోలు నాకు పంపి "అన్నా, ఇదంతా నిజంగా అవసరమా?" అని అడుగుతుంటారు.

ఆ రాత్రి డాష్‌బోర్డు అరలోంచి కారుతోపాటు వచ్చిన మెయింటెనెన్స్ పుస్తకం తీసి మొదటిసారి చదివాను. 5 వేల మైళ్లకోసారి టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చాలి. 10 వేల మైళ్లకు, లేదా ఏడాదికి, సింథటిక్ ఆయిల్ మార్చాలి. 30 వేలకు ఇంజన్ ఎయిర్ ఫిల్టర్. కూలెంట్ మొదటిసారి లక్ష మైళ్లకు. స్పార్క్ ప్లగ్గులు లక్షా 20 వేలకు. ఫ్యూయెల్ సిస్టమ్ క్లీనింగ్ అనే మాట ఎక్కడా లేదు. బరువులు లాగని కారుకు 42 వేల మైళ్ల దగ్గర ట్రాన్స్‌మిషన్ ఫ్లష్ ఊసూ లేదు. ఆ అడ్వైజర్ ఫిల్టర్ విషయంలో నిజమే చెప్పాడు, దాన్ని మార్చాల్సిన సమయం దాటింది. కానీ ఆ నిజం పక్కనే మరో 380 డాలర్ల పనులు కూర్చోబెట్టాడు. ఏది అవసరమో ఏది కాదో విడదీసే పుస్తకం ఆరు నెలలుగా నా కారులోనే ఉంది.

తర్వాత తెలిసిన సంగతి ఇంకా బాధపెట్టింది. ఆ రెండు ఫిల్టర్లూ దుకాణంలో కొంటే కలిపి 35 డాలర్లు. ఇంజన్ ఫిల్టర్‌కు పెట్టె క్లిప్పులు తీసి, పాతది ఎత్తి, కొత్తది పెట్టడమే. క్యాబిన్ ఫిల్టర్ ముందు సీటు ఎదురుగా ఉన్న అర వెనకాల ఉంటుంది. రెండూ కలిపి పది నిమిషాల పని. పానా కూడా అక్కర్లేదు.

అక్కణ్నుంచి ఆయిల్ మార్పు నేనే చేసుకోవాలనుకున్నాను. పానాల సెట్టు కోసం వెళితే సగం అంగుళాల కొలతలవి. జపాన్ కారు బోల్టులకు కావాల్సినవి మిల్లీమీటర్లవి. పది, పన్నెండు, పద్నాలుగు, పదిహేడు. చిన్నప్పుడు చెవిలో పడిన నంబర్లే. కామ్రీ ఆయిల్ డ్రెయిన్ బోల్టు పద్నాలుగు నంబరు. దుకాణంలో నుంచునే మావయ్యకు ఫోన్ చేశాను. ఆయన చెప్పింది రెండే ముక్కలు. "ముందు చేత్తో తిప్పినంత తిప్పు, తర్వాతే పానా పెట్టు. బిగించేటప్పుడు బలం చూపించకు, మర పోతుంది."

ఎంత బలం చాలో కంపెనీయే చెబుతుంది. ఈ బోల్టుకు 30 ఫుట్-పౌండ్లు. ఆ లెక్కకు రాగానే టక్కుమని చెప్పే టార్క్ రెంచి ఒకటి కొన్నాను. ఇంజన్ రెండు మూడు నిమిషాలు నడిపి ఆపితే ఆయిల్ పలచబడి త్వరగా దిగుతుంది. బోల్టుకు కొత్త వాషరు, ఫిల్టర్ మూతకు కొత్త రబ్బరు రింగు వేయాలి. ఆ రింగుకు కాస్త ఆయిల్ రాయాలి. ఈ ఇంజన్‌కు పట్టేది 4.6 క్వార్టులు, అంటే మన లెక్కలో 4.4 లీటర్లు. డబ్బా మీద 0డబ్ల్యూ-20 అని ఉంటుంది. డబ్ల్యూ అంటే వింటర్. చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుందో దాని ముందున్న అంకె చెబుతుంది. వేడెక్కాక ఎంత చిక్కగా ఉంటుందో వెనక అంకె చెబుతుంది. పోశాక ఇంజన్ నడిపి, ఆపి, కొంచెం ఆగి డిప్‌స్టిక్ చూసుకుని, కింద చుక్క పడటం లేదని నిర్ధారించుకుంటే పని అయిపోయినట్టే.

రెండు హెచ్చరికలు మాత్రం గట్టిగా చెప్పాలి. డిక్కీలో ఉండే జాకీ చక్రం మార్చడానికి మాత్రమే. కేవలం జాకీ మీద నిలబడిన కారు కిందికి ఎవరూ ఎప్పుడూ దూరకూడదు. చదునైన నేల మీద, గట్టి స్టాండ్లు పెట్టాక, లేదా ర్యాంపుల మీద ఎక్కించి హ్యాండ్ బ్రేకు వేసి వెనక చక్రాలకు అడ్డు పెట్టాకే కిందికి వెళ్లాలి. రెండోది, దించిన ఆయిల్‌ను కాలవలోనో చెత్తబుట్టలోనో పోయకూడదు. ఒక్క ఆయిల్ మార్పులో దిగిన పాత ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీళ్లను పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ చెబుతుంది. ఇక్కడి పెద్ద ఆటో పార్ట్స్ దుకాణాలు చాలావరకు దాన్ని ఉచితంగా తీసుకుంటాయి. ఖాళీ డబ్బాలోకే వంపి పట్టుకెళితే సరిపోతుంది.

డబ్బు లెక్క చూద్దాం. ర్యాంపులు, టార్క్ రెంచి, పానాలు, ఆయిల్ పట్టే పళ్లెం అన్నీ కలిపి నాకు 200 డాలర్లయింది. ఆయిల్, ఫిల్టర్, వాషరుకు ప్రతిసారీ 38. డీలర్ దగ్గర 90. నాలుగు ఆయిల్ మార్పులకు పనిముట్ల ఖర్చు తిరిగొచ్చింది. "నీ గంట విలువ ఎంత? యాభై డాలర్ల కోసం శనివారం పాడుచేసుకుంటావా?" అని ఒక స్నేహితుడు అడిగాడు. డీలర్ దగ్గరికి వెళ్లి, కూర్చుని, తిరిగొచ్చేసరికి నాకు పూట గడిచేది. ఇంట్లో ముప్పావు గంట. అయినా నేను డబ్బు కోసమే ఈ పని చేస్తున్నాననుకుంటే అది సగం లెక్కే.

మిగతా సగం ఏమిటంటే, చెయ్యి పెట్టిన చోటికి చూపు వెళుతుంది. ఒకసారి టైర్లు మార్చడానికి చక్రం ఊడదీస్తే, టైరు లోపలి అంచు మాత్రమే నున్నగా అరిగిపోయి ఉంది. బయట నుంచుని చూస్తే కొత్త టైరులాగే ఉంది. అదే టైరు మీద ఆ వారమే పిల్లల్ని ఎక్కించుకుని ఆస్టిన్ వెళ్లొచ్చాం. అలైన్‌మెంట్ తప్పిందని అర్థమైంది. అది నా గ్యారేజీలో అయ్యే పని కాదు, దానికి యంత్రం కావాలి. యంత్రం ఉన్న షాపుకు తీసుకెళ్లి, ఏం కావాలో నేనే చెప్పి, డబ్బు కట్టి చేయించాను. అడిగిన పని ఒక్కటే చేశారు. మొదటి బిల్లు రోజు నేను మాట రాక తలూపాను. ఆ రోజు మాత్రం నేను అడిగాను, వాళ్లు చేశారు. ఆయిల్ మార్చడం నేర్చుకోవడం వల్ల నాకు మిగిలిన అసలు లాభం ఇది.

సొంతంగా చేసుకుంటే వారంటీ పోతుందన్న భయం చాలామందికి ఉంది. నాకూ ఉండేది, నేను కొన్నప్పుడు ఆ కారుకు 60 వేల మైళ్ల ఇంజన్ వారంటీ ఇంకా నడుస్తోంది. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ఉంది. ఉచితంగా ఇస్తే తప్ప, మా దగ్గరే సర్వీసు చేయించుకోవాలనో, మా బ్రాండు విడిభాగాలే వాడాలనో వారంటీకి షరతు పెట్టకూడదని ఆ చట్టం చెబుతుంది. మనం చేసిన పని వల్లే చెడిపోతే ఆ నష్టం మనదే. అందుకే నేను ఒక నోటు పుస్తకం పెట్టుకున్నాను. తేదీ, మైళ్లు, చేసిన పని రాసి, ఆయిల్, ఫిల్టర్ రసీదులు అందులోనే అంటిస్తాను.

1996 నుంచి ఇక్కడ అమ్మే ప్రతి పెట్రోలు కారులోనూ స్టీరింగ్ కింద ఒక డయాగ్నొస్టిక్ సాకెట్ ఉంటుంది. 30 డాలర్ల కోడ్ రీడర్ పెడితే చెక్ ఇంజన్ లైటు ఎందుకు వెలిగిందో చెబుతుంది. మా ఆవిడ ఒకసారి కంగారుగా ఫోన్ చేసింది, తీరా చూస్తే పెట్రోలు ట్యాంకు మూత సరిగ్గా బిగించలేదు. ఈ సమాచారం డీలర్ల గుప్పిట్లోనే ఉండకూడదని మసాచుసెట్స్ ఓటర్లు 2012లో 86 శాతం మద్దతుతో తేల్చారు. 2014లో కార్ల కంపెనీలు దేశమంతటికీ అలాంటి ఒప్పందానికి వచ్చాయి. మన కారు సంగతి మనం తెలుసుకోవడం హక్కుగా రావడానికి ఇక్కడివాళ్లు ఓటు వేయాల్సి వచ్చింది. ఆ హక్కు వాడుకోకపోవడం మన తప్పే.

డీలర్‌ను నేను శత్రువుగా చూడను. వాళ్లకే వదలాల్సిన పనులు ఉన్నాయి. ఎయిర్‌బ్యాగు జోలికి మనం వెళ్లకూడదు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు తీగలు కనిపిస్తే అది ప్రాణం తీసే వోల్టేజీ అని అర్థం, ముట్టుకోకూడదు. ఏసీ గ్యాసు, ట్రాన్స్‌మిషన్ లోపలి పనులు శిక్షణ ఉన్నవాళ్లవే. బ్రేకులు కూడా అనుభవం ఉన్నవాళ్ల పక్కన నుంచుని నేర్చుకునే దాకా నేను ముట్టుకోలేదు. రీకాల్ వస్తే డీలర్ ఉచితంగానే బాగుచేయాలి. తకాటా ఎయిర్‌బ్యాగుల రీకాల్ అమెరికా చరిత్రలోనే అతి పెద్దది, దాదాపు 6 కోట్ల 70 లక్షల ఎయిర్‌బ్యాగులు. పాత కారు కొనే మనవాళ్లు ముందుగా చేయాల్సింది, కారు మీద ఉండే 17 అక్షరాల విన్ నంబరును జాతీయ రహదారి భద్రతా సంస్థ వెబ్‌సైట్‌లో కొట్టి చూడటం. పైసా ఖర్చు లేదు.

అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు పార్కింగులో ఆయిల్ దించే అనుమతి ఉండకపోవచ్చు. అయినా ఫిల్టర్లు, వైపర్లు, లైటు బల్బులు, టైర్ల గాలి, డిప్‌స్టిక్ చూడటం ఎవరూ కాదనరు. డ్రైవర్ తలుపు తీస్తే పక్క స్తంభం మీద ఉండే స్టిక్కరు ఏ టైరులో ఎంత గాలి ఉండాలో చెబుతుంది.

టెక్సాస్‌లో ఉన్నవాళ్లకు ఇంకో మాట. 2025 జనవరి 1 నుంచి ఇక్కడ సొంత వాహనాలకు ఏటా జరిగే భద్రతా తనిఖీ తీసేశారు. మా కాలిన్ కౌంటీలో పొగ పరీక్ష మాత్రమే మిగిలింది. బ్రేకులు, టైర్లు, హారన్, లైట్లు బాగున్నాయో లేదో ఏడాదికి ఒక్కసారైనా చూసే మనిషి ఇప్పుడు లేడు. ఆ మనిషి స్థానం మనమే తీసుకోవాలి.

మా అమ్మాయికి ఈ ఏడాది పదిహేను నిండాయి, లెర్నర్ పర్మిట్ వచ్చింది. స్టీరింగ్ పట్టుకునే ముందు చక్రం ఊడదీసి బిగించమన్నాను. నట్లు ఎదురెదురుగా బిగించుకుంటూ వచ్చి, ఒక్కోదాన్ని 76 ఫుట్-పౌండ్లకు తెచ్చింది. అర్ధరాత్రి హైవే మీద పంచరైతే సాయం వచ్చేదాకా ఏం చేయాలో, సాయానికి వచ్చినవాడు చేసేది సరైన పనో కాదో తనకు తెలుస్తుంది.

ఆ కామ్రీ ఇప్పుడు లక్షా 38 వేల మైళ్లు తిరిగింది. అన్నీ మీరే చేసుకోండి అని నేను చెప్పను. పని ఎవరికి అప్పగించినా, ఏం అప్పగిస్తున్నామో తెలిసి అప్పగించండి. మీ కారు అరలో ఉన్న ఆ పుస్తకం తీయండి. వచ్చే సర్వీసుకు వెళ్లేలోపు, మీ మీటరు చూపించే మైళ్ల దగ్గర అందులో ఏం రాసి ఉందో ఒక్కసారి చదవండి.