నిధి వెదకుట

మా సీమలో వానలు తక్కువ. నిధుల కథలు ఎక్కువ. ఏ యూరికి పోయినను, ఏ పాడుగుడి మెట్లమీద కూర్చున్నను, ఆ యూరి పెద్ద యొకడు ప్రక్కకు వచ్చి, "ఈ గరుడస్తంభము క్రిందనే ఏడు కొప్పెరల బంగారమున్నది" అని గొంతు తగ్గించి చెప్పక మానడు. కర్నూలు కొండారెడ్డి బురుజునుండి తుంగభద్ర క్రిందుగా గద్వాలకు సొరంగము పోయినదనియు, అందు పూర్వపు ప్రభువుల ధనము మూలుగుచున్నదనియు బడికి పోవు దినములలో నేనును వింటిని. తొలకరి వాన పడగానే తుగ్గలి, జొన్నగిరి పొలములలో పెండ్లాము బిడ్డలతో గూడ జనము చేరి, వంగి, నేల చూచుచు వజ్రములకొఱకు తిరుగుట నేటికిని ఉన్న యాచారమే. ఇది యొట్టి కథయు కాదు. ఆ నేలలో అప్పుడప్పుడు వజ్రము దొరకుచునే యున్నది. అందుచేతనే యాశ చావదు. దొరకిన యొక్కని మాట జిల్లా యంతయు చెప్పుకొనును. దొరకని వారు కూలి పోగొట్టుకొని, అప్పు మిగుల్చుకొని యిండ్లు చేరిన సంగతి ఎవరును చెప్పుకొనరు.

ఈ మాటలు నేను దూరముగా నిలిచి వ్రాయుచున్నవి కావు. మా నాయన చదువుకొన్న మనిషి. పత్తికొండ వైపు మా చిన్న యూరిలో పదిమంది కాగితములు ఆయనయే వ్రాసిపెట్టెడివాడు. 1966 ప్రాంతమున వరుసగా రెండేండ్లు వాన మొగము చాటువేసెను. విత్తిన వేరుసెనగ నేలలోనే మాడిపోయెను. అట్టి సమయమున మంత్రగాడొకడు వచ్చి, అంజనము వేసి చూచి, మా పెరటిలో పాత పాతర ప్రక్కన ధనమున్నదని చెప్పెను. ముందు మా యమ్మ మెడలోని బంగారు గుండ్లు పోయినవి. తరువాత వంక దగ్గఱి నాలుగెకరముల చేను పోయినది. మూడు రాత్రులు త్రవ్విన గోతిలో దొరకినది పగిలిన కుండ పెంకు. "ఈ యింటిలో నొకరి మనస్సు శుద్ధముగా లేదు, అందుచేత ధనము బొగ్గయిపోయినది" అని చెప్పి మంత్రగాడు తన దారిని పోయెను. అప్పుడు మా నాయన మా యమ్మవైపు చూచిన చూపు నాకిప్పటికిని మఱపునకు రాదు. ఆమె బదులు చెప్పలేదు. తెల్లవారిన తరువాత ఆ గోతిలో పేడమన్ను నింపి, గుమ్మడి విత్తులు నాటి, గిన్నెలు కడిగిన నీళ్లు పోయసాగెను. ఆ యేట మేము తిన్న కూరలో సగము ఆ గోతిదే.

మా నాయన మరల గొయ్యి త్రవ్వలేదు. కాని వెదకుట మానలేదు. బ్రతికినన్నాళ్లు నేల చూచుచునే నడిచెను.

ఇట్టి యింట పుట్టినవాడను గనుక, గడచిన వేసవి సెలవులలో అమెరికానుండి వచ్చిన నా కుమార్తె కొడుకు, పండ్రెండేండ్లవాడు, "తాతా, పార్కులో ఒక నిధి దాచినా. నువ్వూ పాపా వెదకాల" అని చెప్పినప్పుడు నా గుండె యొకసారి ఆగినట్లయ్యెను. "నిధి" యను మాట నా యింటిలో నెన్నడును ఉచ్చరింపబడినది కాదు. నా కొడుకు కూతురు తొమ్మిదేండ్లది. అది అప్పటికే చెప్పులు తొడిగికొనియున్నది. వలదని కోపముగా చెప్పితిని. పిల్లలు తెల్లబోయిరి. కోపమునకు కారణము చెప్పలేని పెద్దవాని కోపమువంటి దుర్బల వస్తువు లోకమున మఱియొకటి లేదు. సాయంకాలమునకు మెత్తబడి, ఆ యాట యెట్టిదో చెప్పుమంటిని.

వాడు చెప్పినదియు, తరువాత నేను చదివి తెలిసికొన్నదియు కలిపి చెప్పెదను. భూమికి సుమారు 20,000 కిలోమీటర్ల యెత్తున కొన్ని కృత్రిమ ఉపగ్రహములు తిరుగుచున్నవి. వానిలో నాలుగింటి సంకేతములు చేతిలోని యంత్రమునకు అందినచో, మనము నిలిచిన చోటు ఏ అక్షాంశ రేఖాంశములమీద నున్నదో అది లెక్కగట్టి చెప్పును. ఆ సంకేతములలో సామాన్యజనుల కందు వానిని అమెరికా ప్రభుత్వమువారు చాలకాలము బుద్ధిపూర్వకముగా మసకపఱచి యుంచిరి. లెక్క సుమారు నూఱు మీటర్లదాక తప్పిపోయెడిది. 2000వ సంవత్సరము మే నెల మొదట ఆ మసకను తొలగించిరి. మఱునాడే, అనగా మే 3వ తేదీన, ఆరెగాన్ రాష్ట్రమున డేవ్ అల్మర్ అను నతడు అడవిలో నొక బకెట్టు నిండ చిల్లర వస్తువులును, పేర్లు వ్రాయుట కొక పుస్తకమును పెట్టి, ఆ చోటి అంకెలను లోకమునకు తెలిపెను. జియోకాషింగ్ అను ఈ యాటకు పుట్టుక యదియే. నేడు లోకమంతట తోటలలోను, కొండలమీదను ఇట్టి పెట్టెలు దాగియున్నవి.

"దొరికితే ఎవరిది?" అని యడిగితిని.

"ఎవరిదీ కాదు తాతా. చూసి, పేరు రాసి, మళ్లా ఆడనే పెట్టాల. ఏమన్నా తీసుకుంటే, దానికి తగ్గది ఇంకొకటి పెట్టాల. నేల మాత్రం తవ్వకూడదు, అది రూలు."

నేల త్రవ్వరాదని నియమముగల నిధిని గూర్చి నేను వినుట అదియే మొదలు.

మఱునాడు ప్రొద్దున మా వీథి చివఱి చిన్న పార్కునకు పోతిమి. అది పెద్ద తోట కాదు. నాలుగు కానుగ చెట్లు, నడుమ నొక వేపచెట్టు, బేతంచెర్ల నాపరాళ్లతో కట్టిన కూర్చుండు బల్లలు, ఎప్పుడైన నీరు వచ్చు కొళాయి. మనుమడు వేఱుగా కూర్చుండి నవ్వుచుండెను. పాప సెల్‌ఫోను చేతబట్టి, 15 డిగ్రీల ఉత్తరమునకు పైని మిగిలిన అంకెలను, 78 డిగ్రీల తూర్పునకు పైని మిగిలిన అంకెలను సరిచూచుచు ముందు నడిచెను. బాణపు గుర్తు ముప్పది మీటర్లనెను, పదునైదనెను, మూడనెను. వేపచెట్టు దగ్గఱకు రాగానే తల తిరిగినదానివలె నాలుగు దిక్కులును చూపసాగెను. చెట్ల గుబురును గోడలును సంకేతములకు అడ్డుపడుటచేత ఆ కొద్ది మీటర్ల తప్పు విడువదట. అక్కడితో ఆకాశము పని ముగిసి, కన్నుల పని మొదలగును.

వేపచెట్టు మొదట పుల్లతో ఆకులు తొలగించితిమి. వేళ్ల సందులు చూచితిమి. చదువరులకు నిజము దాచను. ఒక గడియ గడచుసరికి నా చేతులు వణకసాగినవి. ముందు మనుమరాలి సంతోషమునకై వెదకితిని. తరువాత నాకొఱకే వెదకితిని. పిల్లను ప్రక్కకు జరుగుమని గద్దించితిని గూడ. దారిని పోవువారు నిలిచి చూచుచున్నారని తెలిసియు తలయెత్తలేదు. ఒక్కసారిగా నాకు మా నాయన వంగిన వీపు కన్నులకు గట్టెను. ఆయన పిచ్చివాడని యింతకాలము నేను తలచితిని. ఆ పిచ్చి నా చేతి వ్రేళ్లలోనే యరువది యేండ్లు నిదురపోయి యుండెనని నాకు తెలియదు.

ఇంతలో, నా గద్దింపునకు అలిగి నాపరాతి బల్లమీద కూర్చున్న పాప, కాళ్లాడించుచు క్రిందికి వంగి చూచి, "తాతా!" అని కేకవేసెను. బల్లక్రింద రెండు రాళ్ల సందున నొక రేకు డబ్బీ! అందు చిన్న పుస్తకము, పెన్సిలు, రెండు గోలీలు, అమెరికా సెంటు నాణెమొకటి. పాప ఆ నాణెమును తీసికొని, తన జడపిన్ను నందు పెట్టి, పుస్తకములో తన పేరు వ్రాసి, డబ్బీని యథాస్థానమున నుంచెను. బంగారమేమియు లేదు, అయినను ఆ పిల్ల మొగమున నేను చూచిన వెలుగు మా యింట ఏ పండుగనాడును చూడలేదు.

కథ యింతటితో ముగిసిన బాగుండును. తెల్లవారి పోయి చూచితిమి గదా, వేపచెట్టు మొదట మోకాటిలోతు గొయ్యి! చుట్టును కోసిన నిమ్మకాయలు, కుంకుమ, పగిలిన టెంకాయ. రెండు లావు వేళ్లు గొడ్డలితో నఱకబడియున్నవి. యంత్రము పట్టుకొని నిధి చూచిపోయినారని రాత్రి యెవరో చెప్పుకొన్నారట. కావలివాడు అంతకుమించి యేమియు తెలియదనెను. గోతికి ఆఱడుగుల దూరమున బల్లక్రింద మా డబ్బీ చెక్కు చెదరక యుండెను. పాప యేడ్చెను. త్రవ్వినది ఎవరని నేను విచారింపలేదు. నా గోళ్లలోని మన్ను నేను మొన్ననే చూచుకొని యుంటిని. పరుల గోళ్లను పరీక్షించుట కిక నాకేమి యధికారము?

ఆ సాయంకాలము పార్కునకు వచ్చిన వారినందఱిని బల్లచుట్టు పిలిచి, డబ్బీని తెఱచి చూపితిని. ఒక అవ్వ లోపలికి తొంగిచూచి, "ఇంతేనా నాయనా? దీనికా చెట్టు కొట్టింది?" అనెను. అందఱును నవ్విరి, వెంటనే గోతివైపు చూచి నవ్వు మానిరి. నలుగురైదుగురు చేతులతోనే మన్ను పూడ్చిరి. నా మనుమడు కొళాయినుండి నీరు తెచ్చి పోసెను.

మన సీమలో ఇట్టి గోతులెన్ని! శాసనమున్న రాతి క్రింద ధనముండునని పగులగొట్టుదురు. నంది కడుపులో రత్నములున్నవని చీల్చుదురు. నిజముగా భూమిలో ధనము దొరకినచో కలెక్టరుకు తెలుపవలెనని 1878వ సంవత్సరమునుండి చట్టమున్నది. తెలిపిన వానికి న్యాయముగా భాగము వచ్చు మార్గమును ఆ చట్టమే చూపినది. అయినను అమావాస్య రాత్రియే మనకు ప్రియము. కారణము పేదఱికమని యందురు. పేదఱిక మొక కారణమే. కాని కష్టపడి పండించినదానికి వాన చాలక, ధర చాలక, ప్రతి యేడును మోసపోయిన మనిషి, కష్టముతో సంబంధము లేని ధనమునే నమ్మజొచ్చుట అంతకంటె లోతైన కారణము. మా నాయన సోమరి కాడు. రెండేండ్లు దున్నిన పిమ్మటనే గడ్డపాఱ పట్టెను. అట్టివానిని మూఢుడని నిందించి యూరకుండుట సంస్కరణము కాదు. వాని చేనికి నీరును, వాని బిడ్డకు చదువును చూపనిచో మంత్రగాడే వానికి మార్గము చూపును.

పిల్లలు తిరిగిపోవుటకు ముందు వారిని ఎఱ్ఱగుడికి తీసికొనిపోతిని. గుత్తినుండి పత్తికొండకు పోవు దారిలో, జొన్నగిరికి సమీపముననే, గుట్టమీది బండలపై అశోకుని ధర్మలిపులున్నవి. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమున చెక్కిన యక్షరములు. అవి పండితలోకమునకు తెలిసినది 1929 ప్రాంతమున, ఒక భూగర్భశాస్త్రజ్ఞుని మూలమున. వజ్రములకై నేల చూచి తిరుగువారి పొలములకు ఇంత దగ్గఱగా, నేల త్రవ్వనక్కఱలేక, బట్టబయలున రెండువేల యేండ్లకు పైగా ఈ నిధి వేచియుండెను! దారులవెంట బావులు త్రవ్వించితిమనియు, మనుష్యులకును పశువులకును ఉపయోగించుటకై చెట్లు నాటించితిమనియు అందొక శాసనము చెప్పును. తల్లిదండ్రుల మాట వినవలెనని మఱియొకటి చెప్పును. "తాతా, ఇదీ అట్లనేనా? చూసి, ఆడనే వదిలి పోవాల్నా?" అని పాప యడిగెను. అవునంటిని. ఎవడో దారిప్రక్కన పెట్టిపోయినాడు; వచ్చినవాడు చదువుకొని, వచ్చువానికి విడిచి పోవలెను.

ఆ రాత్రి నాకు మా యమ్మ గుమ్మడిపాదు జ్ఞాపకము వచ్చెను. మా వంశమున నిధి దొరకినది ఆమె యొక్కతెకే. ఆమె దానిని మా కంచములలో పెట్టెను.

మఱునాడు ఒంటరిగా పార్కునకు పోతిని. వేపచెట్టు ఒక కొమ్మ వాడినది. తక్కినది పచ్చగానే యుండెను. డబ్బీ తెఱచి, పుస్తకములో నా పేరు వ్రాసితిని. ఆయన జీవితమంతయు వెదకెను గనుక, దాని క్రింద మా నాయన పేరు గూడ వ్రాసి, డబ్బీని దొరకిన చోటనే పెట్టి, తలయెత్తుకొని యింటికి వచ్చితిని.