అబ్బా వేళ్ల లెక్క

మా అబ్బా దర్జీ. పాత గుంటూరులో నలభై ఏళ్లు షేర్వానీలు, లాల్చీలు, పైజామాలు కుట్టారు. "కొలత తీసుకోకుండా కత్తెర పట్టుకోకు" అని నా చిన్నప్పటి నుంచీ చెప్పేవారు. నేను దర్జీని కాలేదు. ఆ మాటా చెవిన పెట్టలేదు.

పోయిన రంజాన్ పండగైన పదిరోజులకి ఆయనకు ఫాలిజ్ కొట్టింది. మెదడులో ఎడమపక్క దెబ్బ తగిలింది. అందుకని కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి, మాట ముద్దయిపోయింది. పావురం నెత్తురు పూయమన్న రిష్తేదార్లు ఉన్నారు, ఫలానా ఊళ్లో పసరు పోస్తారన్నవాళ్లూ ఉన్నారు. మేం ఆస్పత్రి వైద్యమే చేయించాం. రెండు నెలలకి ఎడమచేత్తో కర్ర పట్టుకుని నడవడం వచ్చింది. మాట ముక్కలు ముక్కలుగా తిరిగొచ్చింది. బీపీ మాత్రలు మానొద్దు, రోజూ నడిపించండి, ఒకసారి వచ్చినవాళ్లకి మళ్లీ వచ్చే ఖత్రా ఎక్కువ అని చెప్పి పంపించారు డాక్టరు.

అబ్బా నడవలేదు. పొద్దున గుమ్మం పక్క కుర్చీలో కూర్చుంటే మళ్లీ మగ్రిబ్ అజాన్‌కే కదిలేవారు. నేను బతిమాలాను, అరిచాను. అమ్మీ ఏడ్చింది. "ఈయనకి ముందు నుంచీ జిద్దు" అని తేల్చేశాం. అడుగులు లెక్కపెట్టే గడియారం ఒకటి కొని ఆయన చేతికి కట్టాను. రోజుకి మూడొందలు, నాలుగొందలు చూపించేది. ఎన్ని అడుగులో ఆ గడియారం చెప్పింది. ఎందుకన్ని తక్కువో అది చెప్పదు కదా!

ఇంటికి వచ్చే ఫిజియోథెరపీ అమ్మాయితో ఈ మాటే అన్నాను. "నడవమని చెప్పారు సరే, ఎందుకు నడవట్లేదో అడిగారా?" అంది. నా దగ్గర జవాబ్ లేదు. ఫాలిజ్ వచ్చినవాళ్లను కదలనివ్వని అడ్డంకుల్ని కొలవడానికి ఫ్రాన్స్‌లో పరిశోధకులు 14 అంశాలతో ఒక కొలమానం తయారుచేశారట. అందులో కొన్ని ఒంటికి సంబంధించినవి, కొన్ని మనసుకీ అలవాట్లకీ సంబంధించినవి. అలాంటి సవాళ్లే ఆ అమ్మాయి తన సొంత మాటల్లో అడిగింది. "అంకుల్, అడ్డమే కాకపోతే పిడికిలి, చాలా అడ్డమైతే ఐదు వేళ్లు చూపించండి" అంది.

కాలి బలహీనత? రెండు వేళ్లు.

థకావట్? నాలుగు. స్నానం చేసొస్తేనే ఒళ్లంతా అయిపోతుందట. అది బద్ధకం కాదనీ, ఈ జబ్బు తర్వాత చాలామందికి ఉండేదేననీ ఆ అమ్మాయి చెప్పింది. నేను తల దించుకున్నాను.

నడిస్తే ఫాయిదా లేదనుకుంటున్నారా? పిడికిలి. నడవాలని లేదా? మళ్లీ పిడికిలి.

పడిపోతానన్న ఖౌఫ్? ఐదు. బాత్‌రూంలో ఒకసారి జారారు. ఆ రోజు నుంచీ ఆయన లేస్తే చాలు, ఇంట్లో నలుగురం "కూర్చోండి, కూర్చోండి" అని పరుగెత్తుకెళ్లేవాళ్లం.

తోడు వచ్చేవాళ్లు లేరా? దానికీ ఐదు! అమ్మీకి కోపం వచ్చింది. "ఇంతమందిమి ఖిద్మత్ చేస్తుంటే?"

అబ్బా చాలాసేపు మాటలు వెతుక్కున్నారు. "మీరు... తోడు రారు. పట్టుకుంటారు."

ఆ అమ్మాయి వెళ్లాక నన్ను దగ్గరికి పిలిచారు. అమ్మీ వంటింట్లో ఉందని చూసుకుని ఒక్క మాటే అన్నారు. "లుంగీ."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఒంటిచేత్తో లుంగీ ముడి బిగియదు. పైజామా నాడా కట్టుకోవడం అసలే కుదరదు. బయటికి వెళ్తే ఎడమచేతిలో కర్ర ఉంటుంది. గల్లీలో లుంగీ జారితే పట్టుకోవడానికి ఇంకో చెయ్యేదీ? మొహల్లా మొత్తానికీ బట్టలు కుట్టిన మనిషి, నలుగురిలో ఇజ్జత్ పోతుందేమోనని ఇన్ని నెలలూ కుర్చీ దిగలేదు. మేం దాన్ని జిద్దనుకున్నాం.

మర్నాడు అబ్బా మిషన్ మీద కప్పిన దుప్పటి తీశాం. ఆయన పక్కన కూర్చుని టేపు ఎక్కడ పట్టాలో చూపిస్తుంటే, అమ్మీ మూడు పైజామాలకు నాడా తీసేసి ఎలాస్టిక్ వేసింది. బాత్‌రూం గోడకి ఒక కడ్డీ బిగించాం. మొత్తం ఖర్చు ఆ గడియారం ధర కూడా కాలేదు.

ఇప్పుడు అసర్‌కి మస్జిద్ దాకా వెళ్తున్నారు. కుర్చీలో నమాజ్ చదువుకుని వస్తారు. నేను ఒక అడుగు వెనక నడుస్తాను, చెయ్యి వెయ్యను. దారిలో "అయ్యో మాస్టర్, ఎట్లాంటి మనిషి ఎట్లా అయిపోయారు" అనేవాళ్లున్నారు. ఆ మాట అనకండని వాళ్లకి ఇంకా చెప్పలేకపోతున్నాను. ఫాలిజ్ లాంటి జబ్బులతో వైకల్యం వచ్చినవాళ్లు కూడా వీలైతే వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కదిలించాలనీ, అంత కుదరకపోతే కొంచెమైనా మేలేననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మాది ఇంకా ఆ కొంచెం దగ్గరే ఉంది.

మన ఇళ్లలో పెద్దవాళ్లకి తబియత్ పాడైతే ఖిద్మత్‌కి లోటుండదు. మంచం దగ్గరికే అన్నీ తెస్తాం. ఎక్కడ అడ్డం పడుతోందని మాత్రం అడగం. అడగండి. అడిగి, జవాబ్ వచ్చేదాకా ఆగండి. మాట పోయినవాళ్లకి వేళ్లుంటాయి.

నిన్న రాత్రి అబ్బాను మళ్లీ అడిగాను, ఖౌఫ్ ఎంతుందని. మూడు వేళ్లు చూపించారు.