మొదటి రైలు

2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రధాని లాక్‌డౌన్ ప్రకటించారు. అమలు ఆ అర్ధరాత్రి నుంచే. ప్రయాణికుల రైళ్లు అప్పటికే ఆగిపోయాయి. హైదరాబాద్ చుట్టుపక్కల భవనాలు కడుతున్న జార్ఖండ్, ఒడిశా కూలీలకు పనీ పోయింది, ఊరి దారీ మూసుకుపోయింది.

చాలామంది నడక మొదలుపెట్టారు.

మేడ్చల్ దగ్గర హైవే మీద వాళ్లను ఆదుకున్నది మామూలు జనమే. అన్నం పొట్లాలు, మజ్జిగ, అన్నిటికన్నా ముఖ్యంగా చెప్పులు. కాలే తారురోడ్డు మీద చెప్పు తెగితే ఇక అడుగు పడదు మరి!

ఏప్రిల్ 29న సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ భవనాలు కడుతున్న కూలీలు జీతాలివ్వమని, ఇంటికి పంపమని రోడ్డెక్కారు. మే 1 తెల్లవారుజామున వాళ్లతో లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు వలస కూలీల తొలి ప్రత్యేక రైలు, శ్రామిక్ రైలు, కదిలింది: 24 బోగీలు, దాదాపు 1,200 మంది. తలచుకుంటే రెండు రోజుల్లో అయిన పనికి ఐదు వారాలు పట్టడం క్షమించరానిది.