బ్రాంచ్ ఎవరి చేతిలో

2025 జనవరి 5, ఆదివారం

హైదరాబాద్ అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల సంత. ఎంసెట్ గైడ్ల దొంతర కింద అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు పుస్తకం కనబడింది. ఫైర్‌మన్ల శిక్షణ కోసం బ్రిటన్‌లో అచ్చువేసింది. అతను రెండొందలన్నాడు, నేను ఎనభై అన్నాను, మధ్యలో ఎక్కడో తెగింది. అన్నీ బొమ్మలే. ఒకడు హోస్ చివర ఉండే లోహపు గొట్టాన్ని పట్టుకుని నిలబడ్డాడు, ఇంకొకడు వెనకాల హోస్‌ని చంకలో ఇరికించుకున్నాడు. ఆ గొట్టాన్ని మన ఫైర్‌స్టేషన్లలోనూ బ్రాంచ్ అనే అంటారు. దాని మూతి నాజిల్.

ఈ హోస్ కనిపెట్టింది ఒక చిత్రకారుడు. 1670ల ఆమ్‌స్టర్‌డామ్‌లో యాన్ వాన్ డెర్ హేడెన్. గోడల మీద ఇటుకలు విడివిడిగా కనబడేంత ఓపిగ్గా ఊళ్లని గీసినవాడు. అప్పటిదాకా పంపుకే మూతి బిగించి ఉండేది. వీధిలో నిలబడి ఇంటి కప్పు మీదికి నీళ్లు విసరడమే పని. ఆయన తోలుగొట్టం తగిలించి, మనిషిని మంట దగ్గరకు పంపాడు. పంపు మోసే బరువంతా ఆ రోజు నుంచి మనిషి భుజం మీదికొచ్చింది.

జనవరి 11, శనివారం

నుమాయిష్, అంటే నాంపల్లి ఎగ్జిబిషన్. మన్మోహన్ సింగ్ పోయిన సంతాపం వల్ల ఈసారి ఆలస్యంగా 3న మొదలైంది. అజంతా గేటు నుంచి లోపలికి పోతే కాశ్మీరీ శాలువాలు, లక్నో కుర్తాలు, మిర్చి బజ్జీల నూనె వాసన. ఎర్ర హైడ్రెంట్ స్తంభానికి ఎవరో చిన్నపిల్ల స్వెటర్ తగిలించారు, జారవిడుచుకున్నవాళ్లకు కనబడాలని కాబోలు. పక్కన కుర్చీలో డ్యూటీ ఫైర్‌మన్. ముప్పై ఏళ్లుంటాయి.

"తమ్ముడూ, దీన్ని ఒక్కడివే నడపగలవా?"

"తిప్పుడైతే తిప్పుతా సార్. పట్టుడు ఒక్కనితోని గాదు."

ఇంకేదో చెప్పబోయాడు. ఇంతలో ఒకాయన వచ్చి, టాయ్ ట్రైన్ ఎటని అడిగాడు.

జనవరి 30, గురువారం

2019లో ఇదే తేదీ. రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో నుమాయిష్‌లో మంట లేచింది. గుడ్డ, చెక్క, ప్లాస్టిక్, పైన టార్పాలిన్. దాదాపు మూడొందల స్టాళ్లు బూడిదయ్యాయి. ప్రాణాలు మాత్రం పోలేదు. ఊరూరూ తిరిగి అమ్ముకునేవాళ్ల సీజను సరుకంతా ఒక్క రాత్రిలో పోయింది. తర్వాత హైకోర్టులో పిల్ పడింది. మైదానంలో ఇప్పుడు కనబడే ఎర్ర గొట్టాల వెనక ఆ రాత్రి ఉంది.

అలాంటి చోట బ్రాంచ్ పట్టినవాడికి మొదటి చిక్కు జనమే. నీళ్లు ఎదురుగా పోవాలి, జనం ఎదురుగా వస్తుంటారు. సూటి జెట్ దగ్గర నుంచి ముఖానికి తగిలితే కన్ను పోగలదు. అందుకే ముందు నాజిల్ నేలకు వంచి పట్టుకుని, దారి దొరికాకే ఎత్తాలట. పాత పుస్తకంలో ఈ ముక్క లేదు, స్వెటర్ స్తంభం దగ్గరి తమ్ముడే చెప్పాడు. ఈ సాయంత్రం మళ్లీ వెళ్లినప్పుడు దొరికాడు.

ఫిబ్రవరి 6, గురువారం

చిరాగ్ అలీ లేన్‌లో మా కాంప్లెక్స్. రెండో అంతస్తు మెట్ల దగ్గర హోస్ బాక్స్ తెరిచాను. లోపల ఉన్నవి: చీపురు, ఎవరిదో టిఫిన్ క్యారేజీ, దీపావళి ప్రమిదలు, చుట్ట చుట్టిన చోట మడత పడి గట్టిపడిన హోస్. బ్రాంచ్ లేదు. గన్‌మెటల్ కదా, కిలో లెక్కన అమ్ముడుపోయి ఉంటుంది. వాచ్‌మన్‌ని అడిగితే "నేనొచ్చినప్పటి సంది గట్లనే ఉంది సార్" అన్నాడు. అది నిజమే. అంతకు ముందున్న వాచ్‌మన్ కూడా అదే మాట అనేవాడు.

బ్రాంచ్ లేని హోస్ నీళ్లు పోస్తుంది, విసరదు. మూతి ఇరుకైతేనే నీటికి వేగం.

ఫిబ్రవరి 8, శనివారం

లెక్క వేసుకున్నాను. 20 మిల్లీమీటర్ల నాజిల్, దాని దగ్గర 5 కేజీల ప్రెషర్ (చదరపు సెంటీమీటరుకు అన్నమాట, అందరూ కేజీలనే అంటారు). నిమిషానికి దాదాపు 600 లీటర్లు పోతాయి. వెనక్కి తన్నే బలం సుమారు 32 కిలోలు. ఆ తన్ను ఒక్క దెబ్బతో అయిపోదు, వాల్వ్ తెరిచి ఉన్నంతసేపూ తన్నుతూనే ఉంటుంది. అదే ప్రెషర్‌లో 12 మిల్లీమీటర్ల నాజిలైతే 215 లీటర్లు, పదకొండు పన్నెండు కిలోల తన్ను.

నాజిల్ వెడల్పు రెట్టింపైతే నీళ్లూ నాలుగింతలు, తన్నూ నాలుగింతలు. కానీ ప్రెషర్‌ని రెట్టింపు చేస్తే తన్ను సరిగ్గా రెట్టింపవుతుంది, నీళ్లు మాత్రం నలభై శాతమే పెరుగుతాయి. మంట ఆరడం లేదని పంపు దగ్గరవాడు కంగారుగా ప్రెషర్ పెంచితే, మంటకు దక్కేది కొంచెం. ముందు నిలబడ్డవాడికి పడేది చాలా. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేకుండానే మనిషి కింద పడతాడు.

ఇంకో లెక్క. 63 మిల్లీమీటర్ల హోస్ పదిహేను మీటర్లు నిండితే లోపలి నీళ్లే 47 కిలోలు. దాన్ని మెట్ల మీదుగా లాగాలి. 4,500 లీటర్ల ట్యాంకు ఉన్న ఫైరింజను ఆ 20 నాజిల్‌తో ఏడున్నర నిమిషాల్లో ఖాళీ. రెండో బండి వచ్చేదాకా వృథా చేయకుండా కొట్టడం కూడా విద్యే.

ఫిబ్రవరి 17, సోమవారం

నుమాయిష్ ఆఖరి రోజు. బేరాలు సగానికి సగం. తమ్ముడు కనబడలేదు.

మార్చి 12, బుధవారం

బజార్‌ఘాట్‌లో పని పడి వెళ్లాను. 2023 నవంబర్ 13న ఇక్కడి అపార్ట్‌మెంటులో కింద రసాయనాల డ్రమ్ములు, పైన కాపురాలు. కింద అంటుకుంటే కనీసం తొమ్మిది మంది పోయారు. ఎక్కువమందిని చంపింది పొగ. మండే ద్రవం మీద సూటి జెట్ కొడితే అది ఎగిరి నాలుగు దిక్కులా పడుతుంది, మంట నడిచి వస్తుంది. అలాంటిచోట నురగ కావాలి, నురగ కొట్టే బ్రాంచ్ వేరు. మనిషి ఎంత గట్టిగా పట్టుకున్నా, డ్రమ్ములో ఏముందో చెప్పేవాళ్లు లేకపోతే ఏం కొట్టాలో తెలియదు.

తిరిగొస్తుంటే బొగ్గులకుంట మీదుగా ఆటో. అక్కడి టపాసుల దుకాణం నిరుడు అక్టోబర్ 27న, దీపావళికి నాలుగు రోజుల ముందు అంటుకుంది. ఫోన్లలో ఆ వీడియో చూడనివాళ్లు ఊళ్లో లేరు. వీడియో తీసినవాళ్లు నిలబడ్డ చోటే ఫైరింజను నిలబడాల్సిన చోటు.

మార్చి 21, శుక్రవారం

రంజాన్ రద్దీ. ఇఫ్తార్ వేళకు నాంపల్లి స్టేషన్ రోడ్డు కదలడం లేదు. పక్క సందులో మీటర్ల బోర్డు దగ్గర నిప్పురవ్వలు రాలాయి. క్షణంలో ఇద్దరు బకెట్లతో, ఒకడు కారు కడిగే పైపుతో వచ్చేశారు. ఉపవాసం విడుస్తున్న ముసలాయన ఖర్జూరం చేతిలోనే పట్టుకుని, "అరే, పహలే కరెంట్ బంద్ కరో!" అని అరిచాడు. ఆగారు. లైన్‌మన్ వచ్చి ఫ్యూజు తీశాక ఇసుకతో తీరిపోయింది.

సూటిగా పడే జెట్ నీటి కడ్డీలాంటిదే. తగినంత దూరం లేకపోతే కరెంటు దాని వెంట బ్రాంచ్ దాకా రాగలదు. తుంపరగా మారిస్తే ప్రమాదం తగ్గుతుంది, పోదు. పుస్తకంలో దీనికి నాలుగు పేజీలున్నాయి. ముసలాయనకు నాలుగు మాటలు సరిపోయాయి.

ఏప్రిల్ 14, సోమవారం

ఫైర్ సర్వీస్ దినం. 1944లో ఈ రోజునే బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ పేలింది. దూది బేళ్లు, పేలుడు మందు ఒకే ఓడలో. బ్రాంచ్‌లు పట్టుకుని మంట మీద నీళ్లు కొడుతున్నవాళ్లు పట్టుకున్నట్టే పోయారు. 66 మంది ఫైర్ సిబ్బంది. ఈ వారమంతా ఆఫీసుల్లో, కాంప్లెక్సుల్లో ప్రదర్శనలుంటాయి. మాకు 17న రమ్మని రాసి ఇచ్చాను.

ఏప్రిల్ 17, గురువారం

పొద్దున ఏడున్నరకు వచ్చారు. సందు మొదట్లో బైకులు అడ్డం. బండి అక్కడే ఆగింది. అంటే హోస్ ఇంకో చుట్ట ఎక్కువ. లీడింగ్ ఫైర్‌మన్ చుట్టని ఒక్క ఊపుతో దొర్లించాడు, సందు పొడుగునా చాపలా పరుచుకుంది. కప్లింగ్ నొక్కి, క్లిక్‌మన్నాక మళ్లీ ఒకసారి వెనక్కి లాగి చూశాడు. మూల తిరిగే చోట మడత పడకుండా పెద్ద వంపు ఇచ్చాడు.

"వాల్వ్ కాడ ఒకరు, బ్రాంచ్ కాడ ఇద్దరు. ముగ్గురు ఒకరికొకరు కనబడాలె. కనబడకపోతే నడుమ ఇంకొకరిని నిలబెట్టాలె. బ్రాంచ్ పట్టినాయన చెయ్యి లేపి చెప్పేదాకా నీళ్లు ఇడువద్దు."

మొదట జిరాక్స్ షాపు పిల్లవాడు ఉత్సాహపడ్డాడు. కాళ్లు రెండూ దగ్గర పెట్టి, చేతులు చాచి, బ్రాంచ్ కొస పట్టుకున్నాడు. ముందు గాలి బుస్సుమంది. చప్పిడిగా పడున్న హోస్ గుండ్రమై, బిగిసి, నేల మీద జరిగింది. తర్వాత నీళ్లు. వాడు రెండడుగులు వెనక్కి పోయాడు. జెట్ ఎగిరి రెండో అంతస్తు బోర్డు మీది ఏళ్లనాటి దుమ్ము కడిగింది. వెనక ఫైర్‌మన్ వీపుకు వీపు ఇవ్వకపోతే పడేవాడే. ప్రెషర్ మూడు కేజీలే, నాజిల్ చిన్నదే.

వాల్వ్ దగ్గర ఉన్నది బట్టల షాపు సేటు. ఒక్కసారిగా తిప్పేశాడు.

"సేట్‌జీ, పతంగికి ఢీల్ ఇచ్చినట్టు ఇయ్యాలె. ఒక్క తాప ఇడిస్తే ముందటోని సంగతేంది? బంద్ చేసేటప్పుడు సుత అంతే. నీళ్లు ఆడ్నే ఆగిపోతే దాని గుద్దు హోస్‌కు తగుల్తది, పంపుకు తగుల్తది. పాత హోస్ అయితే పగుల్తది."

తర్వాత నిలబడే తీరు చూపించాడు. ఎడమ కాలు ముందుకు, మోకాలు కొంచెం వంగి, ఒళ్లు ముందుకు వాలి. హోస్ కుడి చంకలో, పక్కటెముకలకు అదిమి. బ్రాంచ్ వెనక బారెడు దూరం హోస్ సాఫుగా ఉండాలి. అక్కడే వంపు ఉంటే తన్ను పక్కకు తిరిగి మనిషిని తిప్పేస్తుంది. వెనకవాడు బరువు మొయ్యాలి, ముందువాడు గురి చూడాలి. వెనకవాడు ముందుకు తోశాడంటే ముందువాడు మంటలో ఉంటాడు.

"జారిపోతే?" అన్నాను.

"ఉరకాలె సార్. మళ్ల పట్టుకుందమని పోవద్దు. ఇనుపది తలకు తగిలితే అంతే. వాల్వ్ కాడోడు బంద్ చెయ్యాలె. అందుకే ఆడ మనిషి ఉండాలంటున్న."

టైలర్ షాపు అక్క అంతసేపూ మాట్లాడలేదు. "నేను పట్టుకుంట" అని కొంగు నడుముకు దోపి ముందుకొచ్చింది. నిలబడలేదు. ఒక మోకాలు నేల మీద ఆనించి కూర్చుని, హోస్‌ని నేలకు తాకించి, మోకాలి పక్క నుంచి బ్రాంచ్ ఎత్తింది. చెయ్యి లేపి చెప్పింది. నీళ్లు వచ్చాయి, జెట్ ఒక జానెడు కూడా పక్కకు పోలేదు. లీడింగ్ ఫైర్‌మన్ నవ్వాడు. "ఎక్కువసేపు కొట్టాలంటే మేం సుత గిట్లనే కూసుంటం అక్కా. తన్ను భూమికి పోతది." ఆమె నాజిల్ తల తిప్పి చూసింది. జెట్ విచ్చుకుని గొడుగంత తుంపర అయింది. ఆ తుంపర మనిషికి వేడి తగలకుండా అడ్డం, కానీ మూసిన గదిలోకి అదే కొడితే లీటరు నీరు 1,700 లీటర్ల ఆవిరై తిరిగి మన మీదికే వస్తుందని చెప్పాడు. తలుపు పక్కన వంగి ఉండి, ఆగి ఆగి కొట్టాలి. వెనక దారి ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. అవి మా పని కాదు, వాళ్ల పని అని కూడా అన్నాడు.

పోయేముందు మెట్ల దగ్గరి హోస్ రీల్ తిప్పి చూపించాడు. ఎర్ర రబ్బరు పైపు, ముప్పై మీటర్లు, చివర చిన్న నాజిల్. "మీకు ఇదే మంచిది. ఒక్క మనిషి చాలు, మొత్తం ఇప్పకున్నా నీళ్లొస్తయ్. మంట బకెట్టంత ఉన్నప్పుడు ఇది. అంతకు మించితే 101కు ఫోన్ కొట్టి బయటికి నడువుండ్రి." ఇన్నేళ్లుగా పెద్ద హోస్ గురించే బెంగపెట్టుకున్నాం. కుర్రవాళ్లు సెల్ఫీలు దిగింది కూడా దానితోనే.

ఏప్రిల్ 19, శనివారం

తడి హోస్ చుడితే లోపల కుళ్లుతుందట. రెండో అంతస్తు పిట్టగోడ మీంచి కిందికి వేలాడదీశాం. సేటుగారి బొమ్మకు తొడిగిన షేర్వానీ మీద చుక్కలు పడుతున్నాయని ఫిర్యాదు. పెళ్లిళ్ల సీజను, ఆయన బాధ ఆయనది. కొంచెం అవతలికి జరిపాం. ఇప్పుడు పాన్ డబ్బా ఆయన ఫిర్యాదు.

ఏప్రిల్ 23, బుధవారం

రాణీగంజ్ నుంచి కొత్త బ్రాంచ్ వచ్చింది. అల్యూమినియం, ఇత్తడి అయితే మళ్లీ కాళ్లొస్తాయని అందరూ ఒకే మాట. పెట్టె దగ్గర మాత్రం మాట కలవలేదు. తాళం వేస్తే మంట రోజున తాళంచెవి వెతుక్కోవాలి, వేయకపోతే బ్రాంచ్‌నే వెతుక్కోవాలి. అద్దం పెట్టి పక్కన చిన్న సుత్తి వేలాడదీద్దాం అన్నాను. సుత్తి పోతుంది అన్నారు. వాల్వ్ దగ్గర ఎవరు ఉండాలన్న కాగితంలో మూడు పేర్లు రాశాం, అందులో ఇద్దరు సాయంత్రం ఆరుకే ఇంటికి పోయేవాళ్లు. తేలనివన్నీ ఆదివారం మీటింగ్‌కు వాయిదా. అప్పటిదాకా బ్రాంచ్ టైలర్ అక్క కుట్టుమిషన్ కింద ఉంటుంది. ఆమె షాపు పొద్దున పదింటికి తెరిచి రాత్రి తొమ్మిదికి మూస్తుంది.