బాగుందని చెప్పాను

మా పక్కింటి పెద్దావిడ పోయిన మూడో రోజున ఆవిడ కూతురు నాకు ఫోన్ చేసింది. ఆదివారం చర్చిలో ప్రార్థన ఉందనీ, ఆ తర్వాత కింద హాల్లో భోజనాలనీ, తలా ఒకటి వండి తెస్తున్నారనీ చెప్పింది. కొంచెం ఆగి, "మీకు ఇబ్బంది లేకపోతే అమ్మ చేసే సెవెనప్ సలాడ్ మీరు చేసి తెస్తారా?" అంది. "మా పిల్లలెవరూ దాన్ని ముట్టుకోరు. గిన్నె ఖాళీ చేసి పంపించేది మీరొక్కరేనని అమ్మ అందరికీ చెప్పుకునేది."

తప్పకుండా తెస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక వంటింట్లో చాలాసేపు అలాగే నిలబడిపోయాను. ఎందుకంటే ఈ ఆరేళ్ళలో ఆ సలాడ్‌ని నేను ఒక్క చెంచా కూడా తినలేదు.

సలాడ్ అంటే కీరా ముక్కలూ ఉల్లి చక్రాలూ అనుకోకండి. మేముండే ఐయోవాలోనూ, చుట్టుపక్కల రాష్ట్రాల్లోనూ జెల్లీతో చేసిన తీపిని కూడా సలాడ్ అనే అంటారు. భోజనంతో పాటే, ఉడికించిన బంగాళాదుంపల పక్కనే వడ్డిస్తారు. ఆవిడది రెండు పొరల సలాడ్. కింద నిమ్మపచ్చ జెల్లీ. అందులో సెవెనప్, అనాస తురుము, అరటిపండు చక్రాలు, చిన్న చిన్న మార్ష్‌మాలోలు. అది గట్టిపడ్డాక పైన లేతపసుపు పొర. అనాస రసం, పంచదార, గుడ్డు, కాస్త మైదా, వెన్న కలిపి పొయ్యి మీద చిక్కబరిచి, చల్లారాక గిలక్కొట్టిన క్రీమ్ కలుపుతారు. ఆ పైన తురిమిన చీజ్. అవెన్‌తో పనిలేదు, ఫ్రిజ్ ఉంటే చాలు.

ఈస్టర్‌కి, జులై 4కి, థాంక్స్‌గివింగ్‌కి, ఏడాదికి మూడుసార్లు ఆవిడ ఒక మూతగిన్నె నిండా పెట్టుకుని, మంచులో అయినా సరే, తనే నడిచి వచ్చి ఇచ్చేది. నేను తీసుకుని లోపల పెట్టి, రెండు రోజులాగి సింకులో వేడినీళ్ళ కుళాయి కింద పెట్టేదాన్ని. రెండు నిమిషాల్లో జెల్లీ అంతా పచ్చటి నీళ్ళయి పోయేది. మిగిలిన పండ్ల ముక్కలు చెత్తబుట్టలోకి. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని మా అమ్మ నేర్పింది కాబట్టి అందులో పులిహోరో రవ్వలడ్డూలో పెట్టి పట్టుకెళ్ళేదాన్ని. "ఎలా ఉంది?" అనేది. "చాలా బాగుంది" అనేదాన్ని.

మొదటిసారి తెచ్చినప్పుడే పెట్టె మీద ఏముంటుందో చూసుకున్నాను. జెలటిన్. పశువుల, పందుల చర్మాల నుంచీ ఎముకల నుంచీ తీసే పదార్థం. మార్ష్‌మాలోల్లోనూ అదే. మాది గుడ్డు కూడా గడప దాటని ఇల్లు. అమెరికా వచ్చాక కేకులో గుడ్డు దాకా వచ్చి నేను అక్కడ ఆగిపోయాను. ఆ సంగతి ఆవిడకి ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. చెప్పలేదు. పెద్దావిడ, అంత దూరం నడిచొచ్చింది, బాధపడుతుందేమో అనుకున్నాను. రెండోసారికి, మొదటిసారి బాగుందన్నానుగా అనుకున్నాను. మూడోసారి నుంచీ ఇక ఏమీ అనుకోలేదు.

పోయినేడు ఆవిడ ఒక అట్టముక్క మీద ఆ వంటకం మొత్తం వణికే అక్షరాలతో రాసిచ్చింది. "ఇష్టపడేవాళ్ళ దగ్గర ఉండాలి కదా" అంది. దాన్ని మసాలా డబ్బాల వెనక పెట్టి మర్చిపోయాను. ఫోన్ వచ్చిన రోజున వెతికి తీశాను. చిన్న పెట్టెలు 2, మరిగే నీళ్ళు 2 కప్పులు, సెవెనప్ 2 కప్పులు, 20 ఔన్సుల అనాస డబ్బా ఒకటి, అరటిపళ్ళు 2. "సోడా చల్లగా ఉండాలి. నెమ్మదిగా, గిన్నె అంచు మీంచి పొయ్యి." కింద రెండు గీతలు గీసి, "తాజా అనాస వద్దు!"

తాజా పండు ఎందుకు వద్దో నాకు అర్థం కాలేదు. డబ్బా సరుకు మీద ఆ తరానికి ఉన్న మోజు అనుకున్నాను. చదివితే తెలిసింది. పచ్చి అనాసలో బ్రోమిలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది ప్రోటీన్లని ముక్కలు చేసేస్తుంది. జెలటిన్ ప్రోటీనే కనుక జెల్లీ ఎన్ని గంటలున్నా పేరుకోదు. డబ్బాలో పెట్టేటప్పుడు పండుని వేడి చేస్తారు కాబట్టి ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. ఆవిడ ఎప్పుడో ఒకసారి తాజా పండు వేసి, నీళ్ళ గిన్నె పట్టుకుని నిలబడి ఉంటుంది. ఆ రెండు గీతలు అందుకే అయ్యుంటాయి.

జెల్-ఓ కథ కూడా అప్పుడే చదివాను. 1897లో న్యూయార్క్ రాష్ట్రంలోని లీరాయ్ అనే ఊళ్ళో దగ్గుమందులు చేసి అమ్ముకునే పెర్ల్ వెయిట్ అనే వడ్రంగి జెలటిన్ పొడికి పండ్ల రుచి కలిపాడు. దానికి పేరు పెట్టింది ఆయన భార్య మే. అమ్ముడుపోక 1899లో ఆ హక్కుల్ని 450 డాలర్లకి ఇచ్చేశాడు. సెవెనప్ 1929లో సెయింట్ లూయీలో పుట్టింది. మొదట్లో అందులో లిథియం కలిపేవారట, మానసిక వ్యాధులకి మందుగా వాడే లిథియమే. అంతకు ముందు జెల్లీ అంటే ఎముకల్ని గంటల తరబడి ఉడకబెట్టి, వడగట్టి, తేరిస్తే వచ్చేది. పనివాళ్ళున్న ఇళ్ళ తిండి. పొడి వచ్చాక అది అందరిదీ అయింది, ఇంట్లో చల్లబరిచే పెట్టె ఒకటుంటే.

ఆ చల్లబరిచే పెట్టె దగ్గర నాకు మా తెనాలి ఇల్లు గుర్తొచ్చింది. మా వీధిలో మొదటి ఫ్రిజ్ మాదే. అది వచ్చిన వారం రోజులూ అమ్మ రస్నా కలిపి ఐసు ట్రేల్లో పోసి, ముక్కలు స్టీలు గిన్నెల్లో పెట్టి ఇంటింటికీ నాతో పంపించింది. ఎవరైనా వద్దంటే ఆవిడ మొహం ఎలా ఉండేదో నాకు తెలుసు. పక్కింటావిడ పచ్చజెల్లీ గిన్నె పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డప్పుడు ఆ మొహమే నాకు కనబడి ఉండాల్సింది. నాకు గిన్నెలో ఉన్నదే కనబడింది.

యూనివర్సిటీ హాస్టల్లో ఉన్నప్పుడు నా రూమ్మేట్ వాళ్ళమ్మ కాళ్ళ పులుసు పంపేది. చలికాలం పొద్దున్నే డబ్బా మూత తీస్తే పులుసు గడ్డకట్టి జెల్లీలా కదిలేది. అదే జెలటిన్ అని ఇప్పుడు తెలుసు. నన్ను తినమన్నప్పుడల్లా "ఆకలి లేదు" అనేదాన్ని. ఒకరోజు తను డబ్బా మూత పెట్టేసి, "ఆకలి లేదని చెప్పకు. తిననని చెప్పు. ఆకలి లేదంటే నేను రేపు మళ్ళీ అడగాల్సొస్తుంది" అంది. మా ఇంటి శాకాహారం ఎవరూ ఎంచుకున్నది కాదు, కులంతో పాటు వచ్చిందని నేను ఒప్పుకోవడం నేర్చుకున్నది కూడా ఆ అమ్మాయి దగ్గరే. ఒప్పుకున్నాను గానీ, నోరు తెరిచి తిననని చెప్పడం మాత్రం నేర్చుకోలేదు.

పైగా ఆ నియమం ఎంత గట్టిదో చూస్తే నవ్వొస్తుంది. అమ్మ ఏళ్ళ తరబడి వేసుకుంటున్న విటమిన్ ఇ మాత్ర పైతొడుగు జెలటిన్. డాక్టరు రాసిన యాంటీబయాటిక్ గొట్టాలు చాలామటుకు జెలటిన్. సినిమా రీలు మీద బొమ్మని పట్టి ఉంచే పూత జెలటిన్. డిజిటల్ వచ్చేదాకా మనం చూసిన మాయాబజార్ అయినా, దేవుడి సినిమా అయినా దాని మీద నిలబడిందే. మందుల్లో, బొమ్మల్లో అది ఎప్పటినుంచో మా ఇంట్లోనే ఉంది. పక్కింటావిడ ప్రేమగా పట్టుకొచ్చిన గిన్నె దగ్గర మాత్రమే నాకు పట్టింపు వచ్చింది.

అయినా శనివారం నేను రెండు రకాలు చేశాను. ఒకటి ఆవిడది ఆవిడలాగే. రెండోది ఇండియన్ స్టోర్లో దొరికే చైనా గ్రాస్‌తో, మార్ష్‌మాలోలు లేకుండా. సముద్రపు నాచు నుంచి తీసే అగర్ అది. చిన్నప్పుడు అమ్మ పాలతో దానితోనే పుడ్డింగ్ చేసేది.

జెలటిన్‌తో పని సుఖం. పొడి మరిగే నీళ్ళలో కరిగిపోయింది. చల్లటి సెవెనప్ అంచు మీంచి పోస్తే చిన్న చిన్న బుడగలు గిన్నెంతా పాకి అలాగే ఉండిపోయాయి. ఫ్రిజ్‌లో పెట్టి, గుడ్డులో తెల్లసొన అంత చిక్కబడ్డాక పండ్ల ముక్కలు కలిపాను. ముందే వేస్తే అరటిపండు పైకి తేలిపోతుంది, ఆలస్యమైతే ముక్క లోపలికి దిగదు. మళ్ళీ నాలుగు గంటలు. జెలటిన్ తొందరపెట్టదు, చేసేవాళ్ళకి పని చేసుకునే వ్యవధి ఇస్తుంది.

అగర్ అలా కాదు. బాగా మరిగితే గానీ కరగదు, గోరువెచ్చటికి వచ్చేసరికే బిగుసుకుంటుంది, మళ్ళీ కరగాలంటే సుమారు 85 డిగ్రీల వేడి కావాలి. నేను అలవాటు కొద్దీ కాస్త చల్లారనిచ్చి, ఫ్రిజ్‌లోంచి తీసిన సోడా పోశాను. గిన్నెలో విరిగిన పాలలా గడ్డలు గడ్డలయింది. పారేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి సోడాని గంట ముందే బయటపెట్టి, అగర్ వేడివేడిగా ఉండగానే కలిపి, ముక్కలు వేసి గబగబా పళ్ళెంలో పోశాను. సోడాలో గ్యాస్ చాలావరకు పోయింది. పేరుకుంది గానీ వేలితో నొక్కితే ఊగలేదు.

ఆదివారం చర్చి హాల్లో పొడుగాటి బల్ల మీద రెండు పళ్ళేలూ పెట్టాను. ఆవిడ గిన్నె ఒకటి నా దగ్గరే ఉండిపోయింది. దాన్నిండా పులిహోర పెట్టి అదీ తెచ్చాను. ఆవిడ వయసు ఆడవాళ్ళు నలుగురు పచ్చజెల్లీ పెట్టుకుని, తిని, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "అచ్చం తన చేత్తో చేసినట్టే ఉంది" అంది. నాకు తెలియదు కాబట్టి తల ఊపాను.

కూతురు నాకోసం ఒక కాగితం పళ్ళెంలో ఆ జెల్లీ ముక్క పెట్టి తెచ్చింది. "మీరు తినకపోతే అమ్మ ఊరుకోదు" అని నవ్వబోయింది. అప్పుడు చెప్పాను. నేను ఇది తిననని, ఎప్పుడూ తినలేదని. ఎందుకో కూడా చెప్పాను, రెండు ముక్కల్లో. ఆరేళ్ళ క్రితం చెప్పినా అంతే సమయం పట్టేది.

ఆమె కాసేపు పళ్ళెం వంక చూసింది.

"మరి ఎవరు తినేవారు?"

"ఎవరూ తినలేదు. పారేసేదాన్ని."

కోప్పడలేదు. ఏడవలేదు. "పోయిన నవంబర్లో తనకి నిలబడటమే కష్టంగా ఉండేది. వద్దన్నా వినలేదు, మీరు ఎదురుచూస్తారని చేసింది" అంది. అంతలో ఎవరో కాఫీ అయిపోయిందని పిలిస్తే అటు వెళ్ళిపోయింది. పళ్ళెం నా చేతిలోనే ఉంది. తినొచ్చు. తినేస్తే బాగుంటుందని కూడా అనిపించింది. కానీ ఇప్పుడు తినడం ఆవిడ కోసం కాదు, నా మనసు కుదుటపడటానికి. పళ్ళెం బల్ల మీద పెట్టేశాను.

పచ్చజెల్లీ పళ్ళెం ఖాళీ అయింది. నేను చేసిన రెండోదాంట్లో మూడు ముక్కలే పోయాయి. ఇంటికి తెచ్చుకున్నాను. ఇది వేడినీళ్ళ కింద కరిగేది కాదు. నాలుగు రోజులు పొద్దునా రాత్రీ నేనే తిన్నాను. అనాస, నిమ్మ, పైన మీగడ, ఉప్పటి చీజ్. అన్నీ కలిస్తే నిజంగానే బాగుంది. జెల్లీ మాత్రం నాలుక మీద కరగదు, పళ్ళ కింద పుటుక్కుమంటుంది. జెలటిన్ నోటి వేడికే కరిగిపోతుందట. ఆవిడ నాకు తినిపించాలనుకున్నది అది.

అమ్మకి ఫోన్లో అంతా చెప్పాను. తినలేదు కాబట్టి మెచ్చుకుంటుందనో, అబద్ధం చెప్పాను కాబట్టి తిడుతుందనో అనుకున్నాను. అమ్మ ముందు, "అది జున్నులా ఉంటుందా?" అని అడిగింది. దాదాపు అంతే అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు.

"తినకపోతే తినకపోయావు గానీ, నేను తిననండీ అని ఒక్క మాట చెప్పుంటే ఆవిడ నువ్వు తినేదేదో చేసి పెట్టేది కదే" అంది.